దద్దమ్మల గుట్టకి కాపరి

మా ఊళ్ళో కాసియన్ ప్లాట్నర్ అనే పెద్దమనిషికి ఒకటే జబ్బు. నిలబడ్డ మనిషి కనిపిస్తే పడగొట్టాలనిపిస్తుంది.

కొట్టి కాదు, తిట్టి కాదు. చిటికెన వేలితో. ఎవరైనా కొత్తగా స్కీలు తగిలించుకుని, చేతికర్రలు రెండూ పట్టుకుని, ఇక కొండ దిగడమే ఆలస్యం అన్నట్టు మొహం పెట్టి నిలబడితే చాలు, ఈయన పిల్లిలా పక్కకి వస్తాడు. భుజం మీద చిటికెన వేలు ఆనించి ఇంత తోపు తోస్తాడు. ఆ మనిషి దబ్బున మంచులో కూలబడతాడు. కాసియన్ నడుం మీద చేతులు పెట్టుకుని, మీసం మీద మంచు దులుపుకుని, పైనుంచి కిందికి ఓసారి చూసి, "ఛ, ఇదా పడ్డం? లే. మళ్ళీ పడు" అంటాడు.

ఆయన వయసు డెబ్భైకి రెండు తక్కువ. వేసవి నాలుగు నెలలూ ఊళ్ళో ఆవులన్నిటినీ కొండ మీది గడ్డిమైదానానికి తోలుకెళ్ళి కాస్తాడు. మంచు పడగానే ఆవుల్ని కొట్టాల్లో కట్టేసి, స్కీ నేర్చుకుందామని దేశదేశాల నుంచి వచ్చే మనుషుల్ని ఊరి చివర చిన్న వాలు మీద కాస్తాడు. దాన్ని మేము దద్దమ్మల గుట్ట అంటాం. రెండు మందలకీ ఒకటే అరుపు, ఒకటే గంట, అవే తిట్లు. తేడా ఏమైనా ఉందా అని అడిగితే, "ఉంది. ఆవులకి ఒకసారి చెప్తే అర్థమవుతుంది" అంటాడు.

ఆ గుట్ట మీద తాడు లిఫ్టు నడిపేవాణ్ణి నేను. పేరు రోమెడ్. తాడు పట్టుకున్నవాళ్ళు పైకి పోతుంటారు, మధ్యలో ఎవరైనా బోర్లాపడితే నేను మీట నొక్కి ఆపుతాను. హోటలు స్కూల్లో రెండో ఏడు దాకా చదివాను. ఆపైన కూడా నేను చదివితే పంతుళ్ళకి చెప్పడానికి ఏమీ మిగలదని జాలిపడి మానేశాను. ఇంత మనిషికి ఆ ముసలాడు నాలుగు శీతాకాలాల పాటు చేసిన అన్యాయం ఏమిటో చెప్తాను. విన్నాక మీరే తీర్పు చెప్పండి.

ముందు ఆయన పద్ధతి తెలియాలి. మిగతా ఊళ్ళలో మొదటి రోజు మధ్యాహ్నానికల్లా జనాన్ని జారనిస్తారు. మా కాసియన్ దగ్గర మొదటి మూడు రోజులూ పడ్డమే. చదును నేల మీద పడాలి. వాలు మీద పడాలి. ఎడమకి పడాలి, కుడికి పడాలి, నవ్వుతూ పడాలి. మనిషికి రోజుకి నలభై. ఆయన వేళ్ళ మీద లెక్క, ఒకటి తక్కువైనా ఒప్పుకోడు.

ఈ ఫిబ్రవరిలో డచ్చి దేశం నుంచి యూరియాన్ అని ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. గుమ్మంలో తల వంచితే గాని లోపలికి రాలేనంత పొడుగు. మూడో రోజు పదకొండింటికి, నడుం దాకా మంచుతో, ఆయనకి పౌరుషం వచ్చింది.

"అయ్యా, నేను డాక్టర్ని. మీరు నాతో ఇలా..."

"ఇక్కడ ఎత్తెంతో తెలుసా? పన్నెండొందల మీటర్లు. వెయ్యి దాటాక మా కొండల్లో మీరూ గీరూ లేవు. అందరూ నువ్వే. రాజుగారొచ్చినా నువ్వే. కింద రైలు స్టేషన్లో కనపడు, టోపీ తీసి మీరంటాను."

"సరే, నువ్వే. మూడు రోజులైంది. ఒక్క గజం జారలేదు. పడ్డం తప్ప ఏం నేర్పావు నాకు?"

"పడ్డం వచ్చిందా?"

"వచ్చింది."

"ఏదీ."

డాక్టరు పడ్డాడు. గోపురం కూలినట్టు పడ్డాడు.

"ఛ, ఇదా పడ్డం? వెనక్కి కూర్చున్నావు. రెండు స్కీల మధ్యన పిర్రలు పెట్టావంటే అవి నిన్నెక్కించుకుని చర్చి దాకా పోతాయి. నువ్వు అక్కడుంటావు, నీ మోకాలు ఇక్కడుంటుంది. భయమేసిందా, పక్కకి కూర్చో. కొండ వైపు పక్కకి. చేతులు ముందుకి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. వెనక్కి ఆనించావా, ఆ మణికట్టుతో ఇక పళ్ళు పీకవు. లే. స్కీలు వాలుకి అడ్డంగా పెట్టుకుని లే. నిలువుగా పెట్టి లేస్తే మళ్ళీ నేనే వెతుక్కోవాలి నిన్ను."

డాక్టరు తిన్నగా వెళ్ళి స్కీ బడి యజమానికి ఫిర్యాదు చేశాడు. యజమాని టై కట్టుకునే మనిషి. టైతోనే స్కీలేసుకుని గుట్ట మీదికి వచ్చాడు.

"కాసియన్, పక్క లోయలో రెండు రోజుల్లో నేర్పేస్తున్నారట."

"నేర్పుతారు. పక్క లోయలో కాళ్ళకి కట్టు కట్టే ఆసుపత్రి కూడా ఉంది. మన ఊళ్ళో లేదు. కట్టించు, నేనూ రెండు రోజుల్లో నేర్పేస్తా."

"అది కాదు, వచ్చినవాళ్ళు సంతోషపడాలి కదా..."

చిటికెన వేలు. యజమాని టై మంచులో పడింది, వెనకే యజమాని.

"ఛ, ఇదా పడ్డం?"

ఇంత జరిగినా ఉద్యోగం ఊడకపోవడానికి కారణం కిరీటం. మా దగ్గర సెప్టెంబర్లో ఆవులు కొండ దిగి ఇంటికి వస్తాయి. వేసవంతా మందలో ఒక్క ఆవుకీ దెబ్బ తగలకపోతే ముందు నడిచే ఆవుకి దేవదారు కొమ్మలు, కాగితం పువ్వులు కట్టిన కిరీటం పెడతారు, మెడలో పెద్ద గంట కడతారు, ఊరంతా గుమ్మాల్లోకి వస్తుంది. ఒక్కటి జారి చచ్చినా కిరీటం లేదు, మంద బోసి తలలతో ఇంటికి వస్తుంది, ఎవరూ మాట్లాడరు. ఈ లెక్కే ఆయన మనుషులకీ పెట్టాడు. ఈస్టరు దాటాక వచ్చే ఆదివారం కొండ మూసేస్తారు. ఆ రోజు ఆ చలికాలం నేర్చుకున్నవాళ్ళలో వచ్చినవాళ్ళందరినీ పైనుంచి చర్చి దాకా మందలా దింపుతాడు. ఏడాదంతా ఒక్క ఎముకా విరక్కపోతేనే కిరీటం. ఇరవై రెండేళ్ళుగా కిరీటం తప్పలేదు. ఒక ఏడు బెల్జియం ఆవిడొకతి సాయంత్రం హోటల్లో డాన్సు చేస్తూ చీలమండ బెణికించుకుంది. అది స్కీ దెబ్బ కాదు, ఎత్తు మడమల దెబ్బ అని ఊరంతా వాదించాం. ఆయన ఒప్పుకున్నాడు గాని, కిరీటంలోంచి ఒక పువ్వు పీకి జేబులో పెట్టుకున్నాడు.

ఇక నా సంగతి. దగ్గరికి రండి, ఇది బయట అనకండి.

నాకు స్కీ రాదు. అంటే, అప్పటికి రాదు.

మా ఊళ్ళో ఈ మాట అనడం కంటే దొంగతనం ఒప్పుకోవడం సులువు. పాలు పోసే అమ్మాయికి వచ్చు. శవపేటికలు చేసే వడ్రంగికి వచ్చు. ఎనభై రెండేళ్ళ ఫాదిరీ అంగీ మడిచి నడుంలో దోపుకుని మరీ దిగుతాడు. నా దురదృష్టం చూడండి. ఒకటో తరగతి పిల్లలందరికీ వారం పాటు స్కీ నేర్పుతారు, ఆ వారం నాకు గవదబిళ్ళలు. రెండో తరగతిలో అదే వారం గడ్డి అటక మీంచి పడి చెయ్యి విరిగింది. మూడో ఏటికి తోటివాళ్ళంతా పిచ్చుకల్లా ఎగురుతున్నారు. నేను పోయి నాలుగేళ్ళ బుడతల వరసలో నిలబడనా? "నాకెప్పుడో వచ్చు, విసుగుపుట్టి మానేశా" అన్నాను. ఆ ఒక్క మాటకి ఏటా ఒక గది కట్టుకుంటూ పోయాను. ఇరవై ఆరేళ్ళొచ్చేసరికి పెద్ద మేడయింది. తూర్పు గోడ అని మా దగ్గర నిలువుకొండ ఒకటుంది, దాన్ని కళ్ళు మూసుకుని దిగానని చెప్పాను. మంచుచరియ విరిగితే దానితో పందెం వేసుకుని, దానికన్నా ముందు ఊళ్ళోకొచ్చి చర్చి గంట కొట్టానని చెప్పాను. హోటలు స్కూలు మానేసిన అసలు కారణం కూడా చెప్పేస్తున్నా. రెండో ఏడు చివర అక్కడ స్కీ పరీక్ష పెట్టారు.

స్కీ రానివాడికి స్కీ ఊళ్ళో దొరికే ఉద్యోగం ఒకటే, లిఫ్టు మీట దగ్గర కూర్చోవడం. చేరిన మొదటి రోజే ఎర్ర కోటుతో పాటు స్కీలూ బూట్లూ ఇచ్చారు. స్కీ బూట్లు మామూలు చెప్పుల్లా ఉండవు, ఇనుప పెట్టెల్లా ఉంటాయి. ధీమాగా తొడుక్కుని బయటికి వచ్చాను. రెండడుగులు వేశానో లేదో కుడి బూటు క్లిప్పు ఎడమ బూటు క్లిప్పుని పట్టుకుంది. దాన్ని విడిపించబోతే ఇంకో రెండు పట్టుకున్నాయి. కాళ్ళు రెండూ కలిపి కట్టేసిన కోడిలా, కాసియన్ మంద మొత్తం చూస్తుండగా, మొహం మీద పడ్డాను.

కాసియన్ వచ్చి నా బూట్ల వైపు చాలాసేపు చూశాడు. తరవాత నా మొహం వైపు చూశాడు. ఇన్స్‌బ్రుక్ పట్నంలో ఇప్పుడు ఇదే ఫ్యాషను అని నేను చెప్పబోతున్నాను. నోరు తెరవనిస్తేనా. మంద వైపు తిరిగి గంట కొట్టాడు.

"అందరూ ఇలా రండి. ఈ రోమెడ్‌ని నేనే పిలిపించాను, తప్పులు చేసి చూపించడానికి. మొదటి తప్పు ఇదిగో. బూట్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి. క్లిప్పులు ఎప్పుడూ బయటి పక్కకుండాలి. లోపలికుంటే ఏమవుతుందో కళ్ళారా చూశారు. ఎంత చక్కగా పడ్డాడో చూడండి. చప్పట్లు కొట్టండి."

కొట్టారు. నాలుగేళ్ళ పిల్ల ఒకతి "మళ్ళీ" అంది.

ఆ రోజుతో నా బతుకు బజారుపాలైంది. రోజూ పదింటికి, నేను లిఫ్టు గదిలో వెచ్చగా కూర్చుని ఉండగా, కిటికీ మీద చిటికెన వేలి చప్పుడు.

"రోమెడీ, వచ్చి పడు."

"నా ఉద్యోగం మీట నొక్కడం పెద్దాయనా. పడ్డం కాదు."

"మీట నొక్కడానికి ఎవడైనా చాలు. ఈ లోయలో నీ అంత అసహ్యంగా పడేవాడు ఇంకొకడు లేడు. అది నేర్చుకుంటే వచ్చేది కాదురా, పుట్టుకతో రావాలి."

అడిగేవాడు లేడు. గుట్ట పక్కనే ఆఫ్రా అని ఒకావిడ చిన్న చెక్కగదిలో వేడివేడిగా రొట్టె ఉండల పులుసు అమ్ముతుంది. ఆవిడకి చెప్పుకుంటే, "తూర్పు గోడ దిగినవాడివి, పడ్డం ఒక లెక్కా నీకు?" అని గిన్నె నా ముందు పెట్టింది. ఆ మాటకి ఇంకేం అంటాను? తిన్నాను.

మొదటి శీతాకాలమంతా పడ్డాను. రెండో ఏడు అన్యాయం ముదిరింది.

"నాగలి రానివాడు ఎలా చేస్తాడో చూపించు" అంటాడు. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు దూరంగా తోసి, నాగలి ఆకారంలో ఆగడం అన్నమాట. కొత్తవాళ్ళకి ఉన్న బ్రేకు అదొక్కటే. నేను రానివాడిలా చేసి చూపిస్తాను. కొనలు ఒకదాని మీదొకటి ఎక్కుతాయి, నేను కంచెలో తేలతాను.

"బాగుంది. ఇప్పుడు కొంచెం వచ్చినవాడిలా చెయ్యి."

చేస్తాను. కంచెకి రెండు మూరల ఇవతల ఆగుతాను.

"బాగా వచ్చినవాడిలా?"

అదీ చేస్తాను. ఇలాంటి నటుణ్ణి పట్నంలో అయితే నెత్తిన పెట్టుకునేవారు. నిజంగా రానివాడే నేర్చుకుంటున్నాడేమో అనుకునేవారు చూసినవాళ్ళు, అంత సహజంగా ఉండేది. మూడో ఏడు తిరగడం మొదలైంది. తిరగడం రానివాడు, కాస్త వచ్చినవాడు, బాగా వచ్చినవాడు. నాలుగింటికి మంద ఇళ్ళకి పోయాక కూడా నన్ను వదిలేవాడు కాదు. "రేపు తప్పు ఇంకా బాగా రావాలి. సాధన చెయ్యి" అనేవాడు. తప్పు చెయ్యడానికి సాధన చేసిన మనిషి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. నాలుగో ఏడు, అంటే ఈ ఏడు, చిన్న వాలు మీంచి పెద్ద వాలు మీదికి మందని తోలుతూ, "వెనక ఎవరూ తప్పిపోకుండా నువ్వు చివర రా" అన్నాడు. అంటే పళ్ళ డాక్టర్లు ముందు, తూర్పు గోడ వీరుడు వెనక.

తోలుతూ మళ్ళీ ఆ పాఠమే, గంట కొట్టుకుంటూ. "కిందున్న ఆవుకి వీపు మీద కళ్ళుండవు. పైనుంచి వచ్చే ఆవే చూసుకుని రావాలి. బయల్దేరే ముందు పైకి చూడండి. దారి మధ్యలో నిలబడే ఆవుని నేను అమ్మేస్తాను. దిబ్బ కింద అసలాగొద్దు, పైవాళ్ళకి మీరు కనపడరు. ఆగాలంటే పక్కకి పోయి ఆగండి. యూరియాన్, ఎన్నిసార్లు చెప్పాను?"

"ఎనిమిది" అన్నాడు డాక్టరు.

మార్చిలో లీసెల్ అనే ఆవు కొట్టంలో కాసియన్ మోకాలి మీద తన్నింది. ఆ ఆవుకి పన్నెండేళ్ళుగా మర్యాద నేర్పుతున్నాడు. కాలికి చెక్క కట్టించుకుని, కుంటుకుంటూ, నా ప్రాణానికి ఆఫ్రా గదిలోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఇద్దరు బెల్జియంవాళ్ళకి తూర్పు గోడ కథ చెప్తున్నాను. చరియ నా వెనక ఇంత దూరంలో ఉంది, దాని ఊపిరి నా మెడకి తగులుతోంది అన్నదాకా వచ్చాను.

కాసియన్ చెంచాతో గిన్నె మీద కొట్టాడు. అందరూ అటు తిరిగారు.

"ముగింపు రోజు గంట కట్టుకుని మంద ముందు దిగేది ఎప్పుడూ నేనే. ఈసారి నా మోకాలు లేదు. రోమెడ్ దిగుతాడు. పై స్టేషన్ నుంచి చర్చి దాకా. కళ్ళు మూసుకుని గోడ దిగినవాడికి కళ్ళు తెరుచుకుని ఇది దిగడం ఎంతసేపు?"

అందరూ బల్లలు చరిచారు. ఫాదిరీ లేచి నా చెయ్యి కూడా ఊపాడు. నా చేతిలో చెంచా పులుసులో పడి మునిగిపోయింది.

ఆలోచించండి. కొండ కొసన పెద్ద లిఫ్టు ఆగే ఆ పై స్టేషన్ నుంచి నేను ఏనాడూ దిగలేదు. దిగితే కాలైనా విరగాలి, పరువైనా పోవాలి. కాలు విరిగితే ఇరవై రెండేళ్ళ కిరీటం నావల్ల పోతుంది, నన్ను ఊరు బతకనివ్వదు. పరువు పోతే నేనే బతకను.

మూడు రోజులు నిద్రలేక, జీవితంలో మొదటిసారి నిజం చెప్దామని తెగించాను. ఆయన కొట్టం ముందు మంచు ఎత్తిపోస్తున్నాడు.

"పెద్దాయనా, నీకొక నిజం చెప్పాలి."

"నువ్వా?" అని పార ఆపాడు. "వద్దురా. అలవాటు లేని పని, నరం పట్టేస్తుంది. వెళ్ళి పడు."

జ్వరం తెచ్చుకున్నాను. ఆఫ్రా ఉల్లిపాయల కషాయం తెచ్చి ముక్కు మూసి పోసింది. అది తాగిన ఐదు నిమిషాలకి, జ్వరం లేని మనిషికి కూడా జ్వరం తగ్గుతుంది.

ఆ ఆదివారం పొద్దున్న పై స్టేషన్లో నా మెడలో గంట కట్టారు. తలకాయంత గంట, తోలు పట్టీ అంతా రంగు రిబ్బన్లు. అది మోయడానికి ఆవులే సరిపోతాయి. నెత్తిన దేవదారు కిరీటం. వెనక ఎనభై మంది మంద, వాళ్ళ వెనక ఊరు. కాసియన్ దిబ్బ మలుపు దగ్గర చూస్తానని మంచు ట్రాక్టరెక్కి వెళ్ళబోతున్నాడు. చొక్కా పట్టుకుని ఆపాను.

"నేను దిగలేను. నాకు స్కీ..."

నా మెడలో గంట పట్టుకుని ఊపాడు. గణగణమని కొండంతా మోగింది.

"ఏంట్రా?"

"నాకు అసలు స్కీ..."

గణగణ.

"గంట మోగుతోంది, వినపడట్లేదు. కొనలు దగ్గరికి, మడమలు దూరంగా, చేతులు ముందుకి. పద" అని ట్రాక్టరెక్కాడు. ఆ గంట మోగించింది ఎవరు? నేనా?

బయల్దేరాను. ఇక్కడ ఒక వింత చెప్పాలి. నా కాళ్ళు నన్నడగలేదు. వాలు నిటారైంది, అవే నాగలి పట్టాయి. మలుపొచ్చింది, అవే తిరిగాయి. రెండో మలుపు, మూడో మలుపు. గంట లయగా మోగుతోంది, వెనక మంద నా దారినే పాములా వస్తోంది. ఐదో మలుపుకి కాస్త ఈల కూడా వేశాను. తూర్పు గోడ నిజంగానే దిగానేమో, మర్చిపోయానేమో అని నాకే అనుమానం వచ్చింది.

దిబ్బ ఎక్కి దిగానో లేదో, సరిగ్గా దాని కింద, దారి మధ్యలో, ఆరున్నర అడుగుల డాక్టరు యూరియాన్. ఈస్టరుకి మళ్ళీ వచ్చాడు, ఫిర్యాదుకేమో అనుకున్నాను. కిరీటం ఫోటో తీద్దామని అడ్డదారిలో మందని దాటి ముందుకొచ్చి అక్కడ ఆగాడు. ఫోను కంటికి పెట్టుకుని నవ్వుతున్నాడు.

ఎడమ పక్క కంచె, కుడి పక్క లోయ. ఆలోచించడానికి టైము లేదు. నాలుగు శీతాకాలాల్లో కొన్ని వేలసార్లు చేసిన పనే చేశాను. పక్కకి, కొండ వైపుకి కూర్చున్నాను. చేతులు ముందుకి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు. గంట దద్దరిల్లింది, మంచు లేచింది, కిరీటం ఒక కన్ను మీదికి జారింది. నా స్కీలు డాక్టరు బూట్లకి జానెడు ఇవతల ఆగాయి.

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఊరంతా చూస్తోంది. అయిపోయింది, ఇరవై ఏళ్ళ మేడ కూలిపోయింది అనుకుని, మంచులో పడి, ఆ "ఛ" కోసం ఎదురుచూస్తున్నాను.

కాసియన్ కుంటుకుంటూ వచ్చాడు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఇదీ పడ్డం" అన్నాడు.

మంద వైపు తిరిగాడు. "అందరూ చూశారు కదా? దారిలో ఎవడైనా దద్దమ్మ అడ్డమొస్తే ఏం చెయ్యాలో చేసి చూపించమని రోమెడ్‌కి నేనే చెప్పాను. చెప్పినట్టే చేశాడు."

నేను అబద్ధాల్లో పుట్టి పెరిగినవాణ్ణి, విన్న వెంటనే పోల్చుకుంటాను. అది కల్తీ లేని అబద్ధం. బూట్ల రోజు తరవాత ఆ ముసలాడు అబద్ధమాడగా విన్నది మళ్ళీ అప్పుడే.

చప్పట్లు. ఎవరో పిల్ల "మళ్ళీ" అంది. కాసియన్ డాక్టరు వైపు తిరిగాడు.

"దిబ్బ కింద ఆగొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"పదకొండు."

చిటికెన వేలు. డాక్టరు పడ్డాడు. పక్కకి, కొండ వైపుకి, చేతులు ముందుకి. ఫోను కూడా తడవలేదు. కాసియన్ మీసం నములుకున్నాడు.

చర్చి ముందు ఆఫ్రా అందరికీ పులుసు పోస్తోంది. కిరీటం కిరీటంలాగే ఉంది, ఒక్క పువ్వూ రాలలేదు. నేను మెడలో గంట విప్పుతూ ఆ రిబ్బన్లు మొదటిసారి దగ్గరగా చూశాను. ఒక్కో రిబ్బను మీద ఒక్కో పేరు. నేర్చుకున్నవాళ్ళ పేర్లు, ఏడాదికో రంగు. ఈ ఏటి నీలం రంగులో యూరియాన్ ఉన్నాడు. దాని పక్కన రోమెడ్. పోయినేటి పచ్చరంగులో రోమెడ్. దాని కింద పసుపులో రోమెడ్. ఆ మూడింటికీ అడుగున, ఎండకి వెలిసిపోయిన ఎర్ర రిబ్బను మీద, పెద్దక్షరాలతో మళ్ళీ రోమెడ్.

"ఇది నా పేరు."

"అవును" అన్నాడు కాసియన్, పులుసు ఊదుకుంటూ.

"మొదటి ఏడాదిది."

"మంద అన్నాక తలలు లెక్కపెట్టుకోవాలి కదరా."

"అంటే నీకు మొదటి రోజు నుంచే..."

"బూట్లు తిరగేసి తొడుక్కున్నవాడు తూర్పు గోడ దిగానంటే లీసెల్ కూడా నమ్మదు."

"మరి నేను చెప్పబోతే గంటెందుకు కొట్టావు?"

"చెప్పేసుంటే నువ్వు దిగేవాడివి కాదు. ఆ బరువు దించుకుని ఇంటికి పోయి దుప్పటి కప్పుకునేవాడివి."

నాకు ఒక అనుమానం వచ్చింది. ఆఫ్రా వైపు చూశాను. ఆఫ్రా గరిట వైపు చూసింది. వడ్రంగి టోపీ సర్దుకున్నాడు. పాలమ్మాయి ఉన్నట్టుండి మబ్బుల్ని పరీక్షించడం మొదలుపెట్టింది.

"అందరికీ తెలుసా?"

"మూడో తరగతి నుంచీ" అంది ఆఫ్రా. "నీ ముందు ఎవరైనా నోరు జారితే గుట్ట మీద వందసార్లు పడేయిస్తానని కాసియన్ చెప్పాడు. ఫాదిరీకి కూడా చెప్పాడు."

ఫాదిరీ తల ఊపాడు. "వందంటే నా వయసుకి ఎక్కువ, నాయనా."

ఇంతకన్నా అన్యాయం ఎక్కడైనా ఉందా? ఏళ్ళ తరబడి రక్తం చెమట చేసి, ఒకదానికొకటి పొసగేలా అన్ని అబద్ధాలు కట్టాను. ఊరంతా ఒక్కటై, నోళ్ళు తెరుచుకుని, నమ్మినట్టు కూర్చుని విన్నది. చరియ ఊపిరి మెడకి తగిలింది అన్నప్పుడు ఇదే ఫాదిరీ రెండుసార్లు సిలువ గుర్తు వేసుకున్నాడు. ఇది మోసం. నాకు జరిగిన మోసం. కాసియన్ ఎదుట నిలబడి, పులుసు గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఆ మాటే గట్టిగా అన్నాను.

ఆయన పూర్తిగా విన్నాడు. గిన్నె బల్ల మీద పెట్టి, కుంటుకుంటూ లేచాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఇంతసేపు నిలబడే మాట్లాడుతున్నావేంట్రా?" అని చిటికెన వేలు నా భుజాన ఆనించాడు.

పడ్డాను. పక్కకి, కొండ వైపుకి, గిన్నె ముందుకి చాచి. అంచుదాకా ఉన్న పులుసు, ఒక్క చుక్క ఒలకలేదు. నమ్మకపోతే మా ఊరొచ్చి ఎవరినైనా అడగండి. నిజమేనని చెప్తారు.